ఆఖరి పెట్టెలో కొలువు



మా వీధిలో ఒక కుర్రాడున్నాడు. డిగ్రీ పూర్తయి రెండేళ్లయింది. నంద్యాల వెళ్లి కోచింగ్ తీసుకుని వచ్చి, రైల్వే పరీక్షలకి చదువుకుంటున్నాడు. మొన్నొక సాయంత్రం ఫోను పట్టుకుని మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు.

"తాతగారూ, దరఖాస్తులో పోస్టులు ఇష్టాన్ని బట్టి వరసగా పెట్టుకోవాలి. స్టేషన్ మాస్టరు మొదట పెడదామనుకుంటున్నాను. టికెట్ సూపర్‌వైజరు రెండోది. మూడోది గూడ్స్ ట్రెయిన్ మేనేజరని ఉంది. అదేం ఉద్యోగమండీ? కండక్టరు లాంటిదా?" అని అడిగాడు.

ముప్పై మూడేళ్లు ఆ కొలువే చేసి ఇంటికొచ్చిన మనిషిని నేను. దీపాలు పెట్టే వేళకి మొదలుపెడితే, వాళ్లమ్మ భోజనానికి రమ్మని పిలిచేదాకా చెబుతూనే ఉన్నాను. వాడికి చెప్పినవీ, అప్పుడు గుర్తుకు రాక మిగిలిపోయినవీ ఇవాళ మీకు చెబుతాను. మీ ఇంట్లో రైలు ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్న పిల్లలుంటే కాసేపు పక్కన కూర్చోబెట్టుకోండి.

ముందు పేరు సంగతి. మనకి కండక్టరంటే బస్సులో సంచి తగిలించుకుని టికెట్లు కొట్టే మనిషి. అమెరికాలో రైలుకీ కండక్టరుంటాడు. ప్రయాణికుల బండిలో టికెట్లు చూస్తాడు, గూడ్సులోనైతే వ్యాగన్లు తగిలించడం, విడదీయించడం చూసుకుంటాడు. ఎక్కడున్నా ఆ బండికి బాధ్యుడు అతనే. మన దేశంలో ఆ పని రెండుగా చీలింది. నల్లకోటు వేసుకుని టికెట్లు చూసేది టీసీ. బండి బాధ్యత మోసేది గార్డు. ఆ గార్డు పేరునే 2022 జనవరిలో రైల్వే బోర్డు ట్రెయిన్ మేనేజరుగా మార్చింది. గార్డంటే గేటు దగ్గర కాపలా మనిషి అనుకుంటున్నారని, పేరు మార్చమని మావాళ్లు చాలా ఏళ్లు అడిగారు. మార్చడం న్యాయమే. నాకు మాత్రం నోటికి గార్డే వస్తుంది, అలాగే అంటాను.

బండి నడిపేది లోకో పైలట్. అతని పనితనం ముందు ఎవరైనా తలవంచాలి. కానీ బండి బయల్దేరడం, ఆగడం, కదలడం విషయంలో ట్రాఫిక్ అవసరాలకి సంబంధించినంత వరకు లోకో పైలట్ గార్డు ఆదేశం వినాలని మా జనరల్ రూల్స్‌లో రాసి ఉంది. ఈ మాట చెబితే పిల్లాడు నమ్మలేదు. "ఇంజను ముందుంటే, వెనకున్న మీ మాట ఎందుకు వినాలండీ?" అన్నాడు. వాడి ప్రశ్నకి జవాబు చెప్పాలంటే నా పెట్టె తెరిచి చూపించాలి.

గార్డుకి ఒక ఇనప పెట్టె ఉండేది. లైను బాక్సంటాం. డ్యూటీకి వెళ్లినప్పుడల్లా దాన్ని తెచ్చి బ్రేక్ వ్యాన్‌లో ఎక్కించేవాళ్లు. అందులో ఎర్ర జెండాలు, పచ్చ జెండా, మూడు రంగులు చూపించే చేతి దీపం, విజిలు, వర్కింగ్ టైమ్ టేబులు, రూల్సు పుస్తకం, ప్రథమ చికిత్స డబ్బా ఉంటాయి. రేకు డబ్బాలో డిటోనేటర్లుంటాయి. పట్టాకి బిగిస్తే, చక్రం ఎక్కగానే ఢామ్మని పేలే టపాకాయలు. బండి వెనక తగిలించే దీపం, ఎల్‌వి అని రాసిన బోర్డు కూడా ఉంటాయి. ఎల్‌వి అంటే లాస్ట్ వెహికల్, ఆఖరి వాహనం.

ఆ బోర్డు గురించి ఒక్క నిమిషం ఆగి చెప్పాలి. మీలో చాలామంది ప్లాట్‌ఫారం మీద నిలబడి దాన్ని చూసే ఉంటారు, ఎందుకుందో అడిగి ఉండరు. రెండు స్టేషన్ల మధ్య ఉన్న లైనుని బ్లాక్ సెక్షనంటాం. మామూలు పద్ధతిలో అందులోకి ఒకసారి ఒక్క బండినే పంపుతారు. ముందు స్టేషనుకి బండి చేరింది, సరే. కానీ మొత్తం చేరిందా? దారిలో తెగి, ఓ పది వ్యాగన్లు అక్కడే ఉండిపోలేదు కదా? ఇంజను వచ్చినంత మాత్రాన ఆ సంగతి తేలదు. ఆఖరి పెట్టెకి ఉన్న ఆ బోర్డు, రాత్రయితే ఆ ఎర్ర దీపం కంటితో చూశాకే బండి పూర్తిగా వచ్చిందని స్టేషన్ వాళ్లు ఒప్పుకునేవాళ్లు. ఆ తరవాతే వెనక బండికి లైను ఇచ్చేవాళ్లు. ఇప్పుడు చాలా చోట్ల యాక్సిల్ కౌంటర్లు వచ్చి ఇరుసులు లెక్కపెట్టి ఆ సంగతి చెబుతున్నాయి. మంచిదే. మా కాలంలో ఆ లెక్కకి గుర్తు ఆ బోర్డు, దానికి పూచీ ఆ పెట్టెలో కూర్చున్న మనిషి.

ఇక బ్రేక్ వ్యాన్. గూడ్సు చివర చిన్న గదిలా ఉంటుంది. లోపల కూర్చోడానికి రెండు సీట్లు, గోడకి గాలి ఒత్తిడి చూపించే గేజి, చేత్తో తిప్పి బిగించే బ్రేకు చక్రం, ముందూ వెనకా వసారా. చాలా వాటిలో మరుగుదొడ్డి ఉండదు, ఫ్యాను ఉండదు. మే నెలలో డోర్నకల్, ఖమ్మం వైపు లూప్ లైన్లో రెండు గంటలు నిలబెడితే రేకు గోడ మీద చెయ్యి వెయ్యలేం. ఇప్పుడు ఆడపిల్లలు కూడా ఈ కొలువుకి వస్తున్నారు. మరుగుదొడ్డి లేని పెట్టెలో ఎనిమిది పది గంటలు ఒక ఆడపిల్లని కూర్చోబెట్టడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. ఈ మాట మైకు ముందు చెప్పే అవకాశం వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

బొగ్గు లోడంటే 58 వ్యాగన్లు. ఇంజను నుంచి నా పెట్టె దాకా 600 మీటర్లు దాటుతుంది. ముందు ఏం జరుగుతోందో కనపడదు, వంపు తిరిగితే తప్ప. నాకున్న కబురల్లా గోడ మీది గేజి. ఇంజను దగ్గర 5 కిలోల ఒత్తిడి ఉంటే, అన్ని వ్యాగన్ల గొట్టాలు దాటి నా దగ్గరికొచ్చేసరికి కాస్త తగ్గి చూపిస్తుంది. ఆ ముల్లు నిలకడగా ఉందంటే ఇంజను నుంచి ఇక్కడిదాకా బండి ఒక్కటిగా ఉందని.

ఒక ఆగస్టు రాత్రి అది పడిపోయింది.

గుంటూరు నంద్యాల లైను నల్లమల అడవిలోంచి పోతుంది. గిద్దలూరు దాటాక దిగువమెట్ట, చెలమ, గాజులపల్లె. అప్పటికింకా సింగిల్ లైను. తుంపర పడుతోంది. పెట్టె ఒక్కసారి కుదిపింది, నేను ఎదుటి గోడకి కొట్టుకున్నాను. లేచి దీపం వెలుగులో చూస్తే ముల్లు సున్నా మీద ఉంది. గాలి పోతే బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి కాబట్టి బండి ఆగింది. హ్యాండు బ్రేకు బిగించాను. వాకీటాకీలో పిలిస్తే గరగర తప్ప మాట లేదు. కొండలు అడ్డం.

అప్పుడు నేను చెయ్యాల్సింది ఇంజను వైపు వెళ్లి ఏమైందో చూడటం కాదు. వెనక్కి నడవాలి. బ్రాడ్‌గేజి మీద బండికి 600 మీటర్ల దూరాన ఒక డిటోనేటరు, 1200 మీటర్ల దూరాన మూడు, ఒకదానికొకటి 10 మీటర్ల ఎడంతో పట్టాకి బిగించాలి. ఎర్ర దీపం వెనక నుంచి వచ్చే బండికి కనిపించేలా పట్టుకోవాలి. స్తంభాలు లెక్కపెట్టుకుంటూ, తడిసిన కంకర మీద జారుకుంటూ నడిచాను. ఒక చేతిలో దీపం, ఇంకో చేతిలో డబ్బా. ఇరువైపులా అడవి. పొదల్లో ఏదో మెదిలితే ఆగి విన్నాను, మళ్లీ నడిచాను. ఆఖరిది బిగించి లేచి నిలబడేసరికి నా బండి దీపం చెట్ల వెనక్కి పోయింది.

చాలాసేపటికి అసిస్టెంటు లోకో పైలట్ టార్చి వేసుకుని, ముందు నుంచి ఒక్కో వ్యాగనూ చూసుకుంటూ వచ్చాడు. 41వ వ్యాగను దగ్గర, వ్యాగన్లని కలిపి పట్టే కప్లరులోని ఇనప కొక్కెం, నకిల్, విరిగి బండి రెండు ముక్కలైందని చెప్పాడు. డిటోనేటర్లు అలాగే వదిలి ఇద్దరం వెళ్లాం. ఆ నకిలు ఒక్కడు మోయాలంటే నడుము వంగే బరువు. మార్చి, గొట్టాలు కలిపి, గాలి ఎక్కి, నా గేజిలో ముల్లు లేచేదాకా రెండు గంటలు పట్టింది. తెల్లారి నంద్యాలలో దిగాం. రిపోర్టులో నాలుగు వాక్యాలు రాశాను. నా సర్వీసులో నేను చేసిన మంచి పనుల్లో అదొకటని ఇప్పటికీ అనుకుంటాను.

ఇదంతా విని కుర్రాడు సరైన ప్రశ్న వేశాడు. "సింగిల్ లైను, బ్లాకులో ఒక్క బండే అన్నారు కదా తాతగారూ. వెనక బండి రాదని తెలిసీ ఎందుకు నడిచారు?"

రాకూడదని రాసి ఉంది నాయనా. వచ్చిన రోజులున్నాయి. 2023 అక్టోబరు 29న మన విజయనగరం జిల్లాలో, కంటకాపల్లి, అలమండ మధ్య పలాస ప్యాసింజరుని వెనక నుంచి రాయగడ ప్యాసింజరు గుద్దింది. 2024 జూన్ 17న బెంగాల్లో రంగపాణి దగ్గర కాంచనజంగ ఎక్స్‌ప్రెస్‌ని గూడ్సు వెనక నుంచి గుద్దింది. రెండు చోట్లా ఆ పూట ఆటోమేటిక్ సిగ్నళ్లు చెడి ఉన్నాయి. రెండు చోట్లా ముందు బండి గార్డు పోయాడు, వెనక బండి లోకో పైలట్ పోయాడు. ఆఖరి పెట్టెలో ఉండేది ఎవరో, దెబ్బ ముందు ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. కంటకాపల్లి వార్త విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనెరిగిన దారి అది.

మీ అబ్బాయినో అమ్మాయినో ఈ కొలువుకి పంపేముందు ఇది తెలిసి పంపండి. భయపెట్టడానికి చెప్పడం లేదు. దేశమంతా రోజూ వేల బండ్లు క్షేమంగా చేరుతున్నాయి.

భయం కన్నా నేను ఎక్కువగా హెచ్చరించేది ఒంటరితనం గురించి. ఇంజన్లో ఇద్దరుంటారు, సిగ్నలు కనపడగానే ఒకరు పైకి చెబితే ఇంకొకరు తిరిగి చెబుతారు. స్టేషన్లో మాస్టరుకి పాయింట్స్‌మన్ ఉంటాడు. గూడ్సు గార్డుకి ఎవరూ ఉండరు. రాత్రి రెండింటికి, మూడింటికి, నిద్రపోతే లేపేవాడు లేడు, మెలకువగా ఉంటే చూసేవాడు లేడు. స్టేషను దాటినప్పుడు వసారాలో నిలబడి పచ్చదీపం ఊపాలి. అవతల స్టేషన్ వాళ్లు ఊపుతారు. లోకో పైలట్‌తో సైగ కలవాలి. దాన్నే ఆల్‌రైట్ అంటాం. ఆ ఒక్క ఊపు కోసం లోపలి నుంచి లేచి వచ్చి చలిలో నిలబడాలి. ఎవరూ అడగరని మానేసే మనిషికి ఈ కొలువు పనికిరాదు. వేళకి తిండి, వేళకి నిద్ర, మనుషుల మధ్య సందడి కావాలనుకునే పిల్లలకి కూడా పనికిరాదు, అందులో తప్పేమీ లేదు. వాళ్లు ఆ పోస్టుని మూడో చోటే ఉంచుకోవాలి.

మా రోజుల్లో కాల్ బాయ్ సైకిలు మీద వచ్చి తలుపు కొట్టేవాడు. కాల్ బుక్కులో సంతకం పెడితే రెండు గంటల్లో డ్యూటీకి హాజరయ్యే లాబీలో ఉండాలి. ఇప్పుడు కబురు ఫోనుకే వస్తోంది, డ్యూటీ ఎక్కేముందు మద్యం తాగలేదని గొట్టంలో ఊది చూపించాలి. దసరా, సంక్రాంతి అని తేడా లేదు. మా పెద్దమ్మాయి నిశ్చితార్థం నాడు నేను కాజీపేట రన్నింగ్ రూములో, అంటే మా విశ్రాంతి గదిలో, పప్పుచారు తింటున్నాను. నా భార్య దానికి ఒక్కమాట అనలేదు, ఇవాళ్టికీ అనలేదు. గార్డు పెళ్లాంగా ఆవిడ చేసిన సర్వీసుకి పింఛను లేదు.

డబ్బు మాటకొస్తే, మొదటి జీతం లెవెల్ 5లో 29,200 మూలవేతనం. దాని మీద కరువుభత్యం వగైరా, బండి తిరిగిన దూరాన్ని బట్టి మైలేజి. గూడ్సు నుంచి సీనియర్ గూడ్సు, అక్కణ్నుంచి ప్యాసింజరు, చివరికి మెయిల్ ఎక్స్‌ప్రెస్. మెట్లు ఎక్కేకొద్దీ టైము ప్రకారం డ్యూటీలు దొరుకుతాయి, మనిషి కాస్త కుదుటపడతాడు.

ఇక పరీక్షలు. ఈ పోస్టుకి ఏదైనా డిగ్రీ చాలు. మొదటి పరీక్షలో 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, రెండోదాంట్లో అంతే సమయంలో 120. లెక్కలు, రీజనింగు, జనరల్ నాలెడ్జి. తప్పు జవాబుకి మూడోవంతు మార్కు పోతుంది. తెలుగులో రాయొచ్చు. మన పిల్లలు కొందరు నామోషీపడి ఇంగ్లీషు ఎంచుకుంటున్నారని విన్నాను. తెలుగులో చదివిన లెక్క తెలుగులో చేస్తేనే చురుగ్గా వస్తుంది. స్టేషన్ మాస్టరుకి ఉన్న ఆప్టిట్యూడ్ పరీక్ష దీనికి లేదు, టైపింగూ లేదు. ఎంపికైనవాళ్లకి పాఠాలు చెప్పడానికి సికింద్రాబాదు మౌలాలిలో ట్రైనింగ్ సంస్థ ఉంది. అక్కడ రూల్సు పుస్తకం చేతికిస్తారు. దాన్ని పరీక్ష కోసం బట్టీపట్టకుండా, ఈ రూలు ఎందుకు పుట్టి ఉంటుందా అని ఆలోచిస్తూ చదవమని మా కుర్రాడికి చెప్పాను.

"అసలు ఈ ఉద్యోగం ఉంటుందా తాతగారూ? గార్డు బదులు మిషన్లు వస్తాయట కదా" అన్నాడు. వాడి బెంగ అర్థమైంది. బండి చివర ఒక పరికరం తగిలిస్తే ఒత్తిడి ఎంతుందో, బండి తెగిందో లేదో రేడియో ద్వారా ఇంజనుకి చెబుతుంది. మన దగ్గరా దాన్ని గూడ్సుల మీద పరీక్షించి చూశారు. అమెరికాలో 1980ల్లోనే ఆ పరికరం వచ్చి చివరి పెట్టెలు పోయాయి. కానీ కండక్టరు పోలేదు, ఇంజన్లోకి మారాడు. బండి మధ్యలో ఆగితే దిగి, దాని పొడవునా నడిచి చూసేది ఇప్పటికీ అతనే. 2024లో అక్కడి రైల్వే భద్రతా విభాగం, మామూలుగా బండికి కనీసం ఇద్దరుండాలని నిబంధన కూడా పెట్టింది.

ఇక్కడ నాకు కెనడా ఊరొకటి గుర్తొస్తుంది. లాక్ మెగాంటిక్. 2013 జూలై 5 రాత్రి, చమురు నింపిన 72 ట్యాంకర్ల బండిని ఆ ఊరికి ఎగువన వాలులో నిలిపింది ఒక్కడే మనిషి. 7 హ్యాండు బ్రేకులు బిగించి విశ్రాంతికి వెళ్లాడు. తరవాత ఇంజనులో మంటలొచ్చి, దాన్ని ఆపేశారు. ఇంజను ఆగడంతో గాలి మెల్లగా దిగిపోయింది. ఆ 7 బ్రేకులు చాలలేదు. బండి ఊళ్లోకి దొర్లి పట్టాలు తప్పి పేలింది. 47 మంది పోయారు. ఇద్దరుంటే తప్పేదా అన్నది నేను తేల్చలేను. మేం మాత్రం బండి నిలిపి వెళ్లాల్సి వచ్చినప్పుడు చివరి వ్యాగన్లకి బ్రేకులు బిగించి, చక్రాల కింద చెక్కలు పెట్టి, గొలుసు వేసి తాళం పెట్టేవాళ్లం. తరవాత ఇంకొకరు వచ్చి చూసేవాళ్లు. ఒకరు చేసింది ఇంకొకరు చూడటం మా వృత్తిలో అవమానం కాదు. చూడటానికి ఇంకో మనిషి లేకుండా చెయ్యడం నాకు భయం.

2024 నోటిఫికేషన్లో 3,144 గూడ్స్ ట్రెయిన్ మేనేజర్ పోస్టులిచ్చారు. రేపే పోయే ఉద్యోగానికి అన్ని పోస్టులు ఇవ్వరు. ఇరవయ్యేళ్ల తరవాత పెట్టె మారొచ్చు, పేరు మళ్లీ మారొచ్చు. ఆ మార్పుకి సిద్ధపడి రమ్మన్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి ఉంచాను. కళ్లు. ఈ పోస్టుకి ఎ-2 వైద్య ప్రమాణం. దూరపు చూపు అద్దాలు లేకుండా 6/9 ఉండాలి, రెండు కళ్లకీ. రంగులు తేడా లేకుండా కనిపించాలి, రాత్రి చూపు సరిగ్గా ఉండాలి. లేసర్‌తో చూపు సరిచేయించుకున్నవాళ్లని తీసుకోరు. అద్దాలు పోగొట్టుకుందామని ముందుగానే ఆ ఆపరేషన్ చేయించుకుని, ఈ పోస్టుకి దారి మూసుకున్న పిల్లలున్నారు. మా బంధువుల అబ్బాయి ఒకడు నాలుగేళ్లు చదివాడు. పొలం కౌలుకిచ్చి ఆ డబ్బుతో వాళ్ల నాన్న కోచింగ్ కట్టాడు. పరీక్షలు రెండూ నెగ్గాడు. వైద్య పరీక్షలో రంగుల దగ్గర ఆగిపోయాడు. పుట్టుకతోనే ఉన్న లోపం, ఇరవై నాలుగేళ్లు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. దానికి వైద్యం లేదు. మొదటి రోజు కళ్ల డాక్టరు దగ్గర పది నిమిషాలు కూర్చుని ఉంటే, ఆ నాలుగేళ్లూ అతను ఇంకో దారిలో పెట్టుకునేవాడు.

అందుకని మర్నాడు పొద్దున్నే మా కుర్రాణ్ని వెంటబెట్టుకుని కళ్లాసుపత్రికి వెళ్లాను. దూరం చార్టు బాగానే చదివాడు. తరవాత డాక్టరుగారు చుక్కల బొమ్మల పుస్తకం తీశారు. మొదటి పేజీలో 12. అది అందరికీ కనిపిస్తుంది, వాడూ చెప్పాడు. రెండో పేజీ తిప్పారు. సరైన కళ్లకి అందులో కనిపించేది 8. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లకి 3. నా సర్వీసంతా ఆ రెండు రంగుల మధ్యే గడిచింది. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని వాడి మొహం చూస్తూ కూర్చున్నాను.

"ఎనిమిదండీ," అన్నాడు.